‘నశించును’ అను ఒక్క క్రియ: వృక్షప్లవకములను గూర్చిన మన తెలుగు వ్రాతలపై విమర్శ

విమర్శ యనగానే కావ్యములు, నాటకములు మనకు స్ఫురించును. కాని మన పిల్లలు దినదినము చదువు తెలుగులో కావ్యభాగము స్వల్పము. విజ్ఞానపాఠములు, పత్రికలలోని విజ్ఞానవ్యాసములు, పోటీపరీక్షల పుస్తకములు – వీనిలోని తెలుగే వారికి లోకమును చూపు తెలుగు. ఆ తెలుగులో నొక వాక్యము వస్తుతత్త్వమును వక్రముగా చెప్పినచో అది వ్యాకరణదోషముకంటె పెద్దదోషము. షోలాపూరు నేతపేటలలో పెరుగు పిల్లలకు ఈ సంగతి మఱింత ముఖ్యము. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, కార్యాలయమున మరాఠీ. ఈ నడుమ బడిలో దొరకు తెలుగు వాక్యమును మఱొక తెలుగు పుస్తకముతో సరిచూచుకొను అవకాశము వారికి తక్కువ. కావున ఆ వాక్యము మొదటనే సరిగా నుండవలెను.

ఈ వ్యాసమున పరీక్షకు గైకొన్నది చిన్న విషయము. కాలుష్యమునకును, మారుచున్న సముద్రస్థితికిని వృక్షప్లవకములు ఎట్లు స్పందించుననుటను మన వ్రాతలు ఎట్లు చెప్పుచున్నవి? నేను చూచినంతలో వాని సారము మూడు వాక్యములలో నిముడును. ఒకటి: మనము పీల్చు ప్రాణవాయువులో సగమునకు పైగా ఈ ప్లవకములే ఇచ్చుచున్నవి. రెండు: కాలుష్యమువలనను వేడిమివలనను అవి నశించుచున్నవి. మూడు: అవి నశించిననాడు మనకు ఊపిరి యుండదు. మూడును సులభముగా కంఠస్థమగును. మూడింటిలో నేదియు చెప్పినది చెప్పినట్లుగా నిలువదు.

సముద్రమునకు వందల మైళ్ల దూరమున నున్న షోలాపూరునకు ఈ చర్చ యేల యని కొందఱడుగవచ్చును. మన నగరపు వాడుకనీరు సీనా నదిని చేరును. సీనా హత్తరసంగ కూడలివద్ద భీమానదిలో కలియును. భీమ రాయచూరునకు ఉత్తరమున, తెలంగాణ సరిహద్దులో, కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవివద్ద బంగాళాఖాతమున పడును. మన తాతలు మగ్గము నమ్ముకొని పాలమూరు, నల్లగొండ, కరీంనగరు, ఓరుగల్లు సీమలనుండి పడమరకు నడచివచ్చిరి; మనము వాడివిడిచిన నీరు ఆ పాలమూరు అంచుననే తూర్పునకు పోవుచున్నది. సముద్రపు పాఠము మనకు పరాయిపాఠము కాదు.

పదవిచారము

‘ప్లాంక్టన్’ అను మాటను 1887లో జర్మను శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ వాడుకలోనికి తెచ్చెను. దాని గ్రీకు మూలమునకు దిమ్మరుట, దిక్కులేక తిరుగుట యని యర్థము. మనవారు ‘ప్లు’ ధాతువు ననుసరించి ప్లవకమనిరి. ప్లవమనగా తేలునది, తెప్ప. మన అరువది సంవత్సరములలో ప్లవ యొకటి, 2021లో వచ్చినది. మాట ముచ్చటైనదే. కాని తేలుట వేఱు, కొట్టుకొనిపోవుట వేఱు. ఈ జీవుల ముఖ్యలక్షణము తేలుట కాదు, ప్రవాహమున కెదురీదలేకపోవుట. నీరు కొంపోయినచోటికి పోవుటయు, ఆ నీటిలో నేది కలిసిన దానిని భరించుటయు వాని గతి. కాలుష్యమునుగూర్చిన పాఠమునకు ఇదియే ఆయువుపట్టు. ‘ప్లవక’ శబ్దములో అది వినబడదు గనుక పాఠమే విడమరచి చెప్పవలెను.

‘వృక్ష’ శబ్దముతో చిక్కు ఇంకను ఎక్కువ. వృక్షశాస్త్రమను మాటలో వలె ఇచటను వృక్షమనగా మొక్కజాతి యని పండితుల యాశయము. పిల్లవాని చెవికి మాత్రము వృక్షమనగా మఱ్ఱి, వేప. కంటి కగపడని ఒంటికణపు జీవులను అతడు తేలియాడు చెట్లుగా ఊహించును. చెట్టు నూరేండ్లు నిలుచును, నరికిన పోవును, పోయినచోటు బోసిగా కనబడును. ప్లవకము ఆయువు కొలది దినములు. అది విభజనచే పెరుగును, ఇతర జీవులకు ఆహారమై పోవును, మరల పెరుగును. ఒక జాతి తగ్గినచోట బోసి కనబడదు. వేఱొక జాతి వచ్చి నిండును. చెట్టుకు చెల్లు ‘నశించును’ అను క్రియ దీనికి అతుకకపోవుట ఇందువలన.

ఇక ‘ప్లవకములు’ అను బహువచనము దాచు భేదములు కలవు. సిలికాతో గాజుపెంకు కట్టుకొను డయాటములు, కొరడావంటి తోకతో చలించు కశాభజీవులు, సున్నపు పలకలు ధరించు కొక్కొలిథోఫోరులు, నీలి-ఆకుపచ్చ జాతికి చెందిన అతిసూక్ష్మ బాక్టీరియములు – ఇవన్నియు వృక్షప్లవకములే. వీని ఆకలి ఒకటి కాదు, ఓర్పు ఒకటి కాదు. ‘నేతగాండ్రు’ అని ఒక్కమాట అన్నంతమాత్రమున చేనేతవాని కష్టమును, మరమగ్గపు కూలివాని కష్టమును, చద్దరు వ్యాపారి కష్టమును ఒకటియగునా? సాదా పదము రద్దు చేయుమని నేను కోరను. వాడుకలో కుదిరిన పదమును పెరికివేయుట మేలు కాదు. కాని దానివెనుక ఎన్ని జాతులున్నవో పాఠము చెప్పితీరవలెను.

ప్రాణవాయువు లెక్క

మొదటి వాక్యములో సగము సత్యము కలదు. భూమిమీద ఏటేట జరుగు కిరణజన్యసంయోగక్రియలో సుమారు సగము సముద్రపు సూక్ష్మజీవులదే. 1998లో ఫీల్డ్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్కలో సముద్రపు వాటా నూటికి 46 వంతులు. భూగోళముపైగల మొక్కజాతి మొత్తపు బరువులో నూటికి ఒకపాలు కూడ లేని జీవులు ఇంతపని చేయుట ఆశ్చర్యకరమే.

కాని పుట్టిన ప్రాణవాయువంతయు మన ముక్కునకు చేరదు. సముద్రమున పుట్టినదానిని దాదాపు అంతయు సముద్రపు చేపలు, రొయ్యలు, బాక్టీరియములే శ్వాసించుటకును, చచ్చినదానిని కుళ్లించుటకును వాడుకొనుచున్నవి. గాలిలో నూటికి 21 వంతులున్న ప్రాణవాయువు కోట్లకొలది సంవత్సరములలో కొద్దికొద్దిగా మిగిలి నిలువచేరిన ధనము. నేటి సంపాదన వేఱు, తాతలనాటి నిలువ వేఱు. నేటి సంపాదన తగ్గినంతనే రేపు ఊపిరి ఆగదు. కావున మూడవ వాక్యము వట్టి బెదిరింపు.

బెదిరింపు తొలగించినను భయకారణము మిగులును. అది ఊపిరిలో కాదు, అన్నములో నున్నది. ప్లవకమును జంతుప్లవకము తినును, దానిని చిన్నచేప తినును, చిన్నచేపను పెద్దచేప తినును. మొదటిమెట్టు మారిన, పై మెట్లన్నియు వారములలో, నెలలలో కదలును. హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, ఉపగ్రహములు చూపు పత్రహరితపు రంగును, నీటి వేడిమిని గుర్తించి చేపలు దొరకుటకు అవకాశమున్న తావులను బెస్తలకు తెలుపుచున్నది. ఆకుపచ్చ యెక్కడనో చేప యక్కడ నుండవచ్చునను సూత్రమే దీనికి ఆధారము. మన పాఠములు ప్రాణవాయువును గూర్చి గొంతెత్తి, బెస్తవాని పళ్లెమును గూర్చి మౌనము వహించుట విచిత్రము.

ఒక క్రియకు బదులు నాలుగు

అసలు దోషము రెండవ వాక్యములో నున్నది. కాలుష్యము అన్ని ప్లవకములను ఒకేరీతిగా చంపదు. అది కొన్నిటిని మేపును, కొన్నిటికి వెలుతురును మఱుగుపఱచును, కొన్నిటికి విషమగును. వేడెక్కిన సముద్రము కొన్నిటిని పస్తుపెట్టును. ఈ నాలుగు క్రియలను ఒక ‘నశించును’లో కలిపివేయుట మన వ్రాతల లోపము.

మేపుట. ఇందుకు నిదర్శనము మన జిల్లాలోనే కలదు. భీమానదిపై 1980లో పూర్తియైన ఉజని ఆనకట్ట నీరే షోలాపూరునకు ముఖ్యమైన త్రాగునీరు. పుణె, పింప్రీ-చించ్‌వడ్ నగరముల మురుగు ములా-ముఠా నదులద్వారా భీమలో కలిసి ఈ జలాశయమును చేరుచున్నది. మురుగులోని నత్రజని, భాస్వరము సూక్ష్మజీవులకు ఎరువు. అందుచేత నీటిపై ఆకుపచ్చని తెట్టు కట్టును. మన వాడుకమాటలో అది పాచి. ఇవి మంచినీటి ప్లవకములు, సముద్రపువి కావు, కాని సూత్రమొకటే.

సముద్రమున దీనికి తోడు విశాఖపట్టణపు లోపలి రేవు. 1933లో ప్రారంభమైన ఆ రేవు చుట్టును నగరపు మురుగు, తరువాతికాలమున చమురుశుద్ధి, ఎరువులు, లోహముల కర్మాగారముల వ్యర్థములు చేరినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ గారలు 1970 దశకమున ఆ రేవు కాలుష్యమును పరిశీలించిరి. 1989లో రామన్, ఫణిప్రకాశ్ గారలు కాలుష్యమునకు, వృక్షప్లవకములకు గల సంబంధముపై పరిశోధన ప్రకటించిరి. మురుగు నిండిన రేవులలో సామాన్యముగా కనబడు లక్షణమిది: జాతులు తగ్గును, తట్టుకొనగల కొలది జాతుల కణములు విపరీతముగా పెరుగును. అట్లు పెరిగినవి చచ్చి కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చగును, చేపలు తేలిపోవును. ఇచట చేపను చంపినది ప్లవకముల నాశము కాదు, ప్లవకముల వృద్ధి!

అయితే నీరు రంగుమారిన ప్రతిసారియు కాలుష్యమనుకొనరాదు. 1952లో వాల్తేరునకు వచ్చిన అమెరికను సముద్రశాస్త్రజ్ఞుడు ఇ.సి. లాఫాండ్ ప్రోత్సాహమున అచటి తీరమున అడుగునీరు పైకి పొంగుటను గూర్చిన పరిశోధన సాగెను. ఆ పొంగు అడుగునున్న పోషకములను పైకి తెచ్చును. 1969లో డి.వి. సుబ్బారావు గారు వాల్తేరు తీరమున ఆస్టరియొనెల్లా జపానికా అను డయాటము విరివిగా పెరిగి నీటి రంగు మారుటను వర్ణించిరి. అది ప్రకృతి పెట్టిన విందు. విందేదో వికారమేదో తెలియవలెనన్న ఏ జాతి పెరిగినది, ఏ కారణమున, తరువాత నేమి జరిగినది యని అడుగవలెను.

మఱుగుపఱచుట. అద్దకపు రంగునీరు పలుచని కాలువలో పడినపుడు వెలుతురు లోపలికి దిగదు; వెలుతురు లేనిచో పత్రహరితమునకు పనిలేదు. రంగులద్దు ఇండ్లలో పుట్టిన మన పిల్లలకు ఈ క్రియ నెవరును నేర్పనక్కఱలేదు. వారెఱిగినదానికి పేరు పెట్టుటయే పాఠపు పని.

విషమగుట. రాగి, జింకు వంటి లోహములు స్వల్పముగా కావలసినవే, మితిమీరిన విషములు. ఈ మితి జాతికొక విధముగా నుండును. 2009లో పేటన్ మొదలగువారు ఎర్రసముద్రపు నీటిలో గాలినుండి రాలు ధూళిని కలిపి చూచిరి. ధూళిలోని రాగి కొన్ని అతిసూక్ష్మ జాతులను దెబ్బతీయగా, అదే ధూళిలోని పోషకములవలన వేఱు జాతులు పెరిగెను. ఒకే ధూళి ఒకరికి భోజనము, ఒకరికి గరళము. ఇట్టిచోట ‘ప్లవకములు నశించును’ అని వ్రాసిన తప్పు, ‘పెరుగును’ అని వ్రాసినను తప్పు.

పస్తుపెట్టుట. సముద్రపు పైనీరు వేడెక్కి తేలికయైనపుడు అడుగునున్న చల్లని, పోషకములుగల నీటితో కలియదు. పైన వెలుతురున్నది, క్రింద ఆహారమున్నది. నడుమ తలుపు మూతబడును. బంగాళాఖాతమున ఈ తలుపు సహజముగానే బిగువు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణల మంచినీరు ఉప్పునీటిపై దుప్పటివలె పరచుకొనును. అరేబియా సముద్రముకంటె అది తక్కువ ఫలవంతమగుటకు ఇది ముఖ్యకారణమని గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన ప్రసన్నకుమార్ మొదలగువారు 2002లో వివరించిరి. పడమటి హిందూమహాసముద్రమున గడచిన అరువది ఏండ్లలో వృక్షప్లవకములు నూటికి 20 వంతులవరకు తగ్గినవని పుణెలోని రాక్సీ మాథ్యూ కోల్ మొదలగువారు 2016లో ప్రకటించిరి. ఇచట ‘తగ్గినవి’ అను మాట చెల్లును. ఏ సముద్రమున, ఎన్నియేండ్లలో, ఎంత యని స్పష్టముగా నున్నది గనుక.

పడుగు, పేక

మన కాలువలోని రంగు హంసలదీవివద్ద కనబడునని నేననను. నడుమ జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము, విజయవాడ ఆనకట్ట నిలిచియున్నవి. కాని నీటిని నిలుపుట కూడ ఒక మార్పే. నదులు కొండలరాళ్లనుండి కరిగించి తెచ్చు సిలికాతో డయాటములు గాజుపెంకు కట్టుకొనును. జలాశయములలోని మంచినీటి డయాటములు ఆ సిలికాను ముందే వాడుకొని అడుగునకు దిగిపోవును. మురుగునుండియు ఎరువులనుండియు వచ్చు నత్రజని మాత్రము ఏటికేడు పెరుగును. నేతవానికిది చెప్పనక్కఱలేదు: పేకనూలు ఎంత యున్నను పడుగు అయిపోయినచోట మగ్గము ఆగును. సిలికా అయిపోయిన డయాటముల మగ్గము ఆగును; మిగిలిన నత్రజనిని గాజుపెంకు అక్కఱలేని కశాభజీవులు తినును. బట్ట ఆగదు, రకము మారును.

డాన్యూబు నదివిషయమున హంబోర్గ్ మొదలగువారు 1997లో ఈ వాదము చేసిరి. 1972లో పూర్తియైన ఐరన్ గేట్స్ ఆనకట్ట తరువాత నల్లసముద్రపు సిలికా తగ్గి డయాటములస్థానము ఇతరజాతు లాక్రమించినవని వారి మాట. 2004లో జరిగిన కొలతలలో ఆ యొక్క జలాశయమున నిలిచిపోవు సిలికా స్వల్పమేయని తేలెను. మార్పు అబద్ధము కాలేదు. కారణమును ఒక్క ఆనకట్టపై మోపుట మాత్రము సడలినది. విజ్ఞానము ఇట్లు తన్ను తాను సవరించుకొనుచు నడచును. మన పాఠములలో ఈ నడక కనబడదు. తుది తీర్పు మాత్రమే కనబడును.

అంకెలపై భక్తి

1950 తరువాత ప్రపంచమున ప్లవకములు నూటికి నలువది తగ్గినవను వార్త ఈనాటికిని తిరుగుచున్నది. దీని మూలము 2010లో బాయ్స్, లూయిస్, వార్మ్ అనువారు ప్రకటించిన వ్యాసము. ఏటికి సుమారు ఒక వంతు తగ్గుదల యని వారు లెక్కించిరి. వారు వాడినవి రెండు విధముల కొలతలు: ఒకటి, 1865లో సెకీ అను ఇటలీ శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టిన తెల్లబిళ్లను నీటిలోనికి దించి అది ఎంతలోతున కనుమఱుగగునో చూచుట, రెండవది, నీటిని తెచ్చి పత్రహరితమును నేరుగా కొలుచుట. ఈ రెండింటిని ఒకే వరుసలో కలుపుటవలననే తగ్గుదల కనబడెనని 2011లో పలువురు ఆక్షేపించిరి. వాదము వచ్చినది, అంకె మాత్రము వాదమును వదలి ఒంటరిగా మన పత్రికలకు వచ్చినది.

అరేబియా సముద్రపు ఉత్తరభాగమున చలికాలపు డయాటములస్థానమును నాక్టిల్యూకా యను ఆకుపచ్చజీవి ఆక్రమించుచున్నదనియు, ప్రాణవాయువు తక్కువైన నీరు పైకి ప్రాకుట దీనికి కారణమనియు 2014లో హెల్గా గోమెస్ మొదలగువారు చెప్పిరి. 2018లో హైదరాబాదు కేంద్రపు లోట్లీకర్ మొదలగువారు, తాము చూచిన పెరుగుదలలకు ప్రాణవాయువు కొఱతతో సంబంధము కనబడలేదనిరి. ఇరువురి మాటను ప్రక్కప్రక్కన ఉంచి చెప్పిన పాఠము పిల్లవానికి గందరగోళము కలిగించునని కొందఱి భయము. పంచాయతిలో ఇరుపక్షముల మాటను విని పెరిగిన పిల్లలకు అట్టి భయము అనవసరము.

ఒక ఆక్షేపణ

చిన్నపిల్లలకు ఇన్ని భేదములు ఎందుకు, కాలుష్యము చెడ్డదని తెలిసిన చాలదా యని అడుగువారు కలరు. వారి సదుద్దేశమును నేను శంకింపను. కాని ఫలితమును చూడుడు. ‘కాలుష్యమున్నచోట ప్లవకములు నశించును’ అని నేర్చిన బాలుడు ఉజని నీటి పచ్చదనమును చూచి ఏమనుకొనును? ఇచట ప్లవకములు సమృద్ధిగా నున్నవి, కావున కాలుష్యము లేదని తర్కించును. తర్కము నిర్దుష్టము, తప్పు మన వాక్యముది. తన కుండలోని నీటిని గూర్చి అతనిని మోసగించు పాఠము, ఎంత సదుద్దేశముతో వ్రాసినదైనను, మంచిపాఠము కాదు. తుదకు పరీక్షలో ఆ తప్పువాక్యమునకే మార్కులు వచ్చును.

పాఠరచయితలకును, పత్రికలవారికిని విన్నపము స్వల్పమే. ‘నశించును’ అని వ్రాయబోవునపుడు కలము నాపి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏ నీరు – రేవా, తీరమా, నడిసముద్రమా? ఏ జాతి – తగ్గినదేది, పెరిగినదేది? ఎవరు, ఎన్నడు, దేనితో కొలిచిరి? ఈ మూడింటికి జవాబు దొరికిన తరువాత మేపును, మఱుగుపఱచును, విషమగును, పస్తుపెట్టును అను క్రియలలో తగినదానిని ఎన్నుకొనవచ్చును. నాలుగును ప్రతి యింట నిత్యము వినబడు మాటలే. ఏ నిఘంటువును తెరువనక్కఱలేదు. కొఱత తెలుగులో లేదు, వ్రాయువారి జాగ్రత్తలో నున్నది.